అట్టపెట్టెలో నీడల ఆట

ఆషూరా ఉపవాసం నాడు పిల్లలు ఆకలితో ఏడిస్తే, మదీనా తల్లులు ఉన్నితో చేసిన ఆటవస్తువులను చేతికిచ్చి ఇఫ్తార్ వేళ వరకు మరిపించేవారని హజ్రత్ రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) ఉల్లేఖించారు (బుఖారీ, ముస్లిం). అవి అంగట్లో కొన్నవి కావు, తమ చేతులతో చేసినవి. నేడు ఏడ్చే బిడ్డకు మన ఇళ్లలో అందుతున్నది సెల్‌ఫోన్.

మన ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. అక్కడి కళాకారులు మేకతోలును వెలుతురు దూరేంత పలుచగా గీకి, చిల్లులు పొడిచి, రంగులు వేస్తారు. వారిలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించింది. ఆట చూసేవారు తగ్గడంతో ఆ చేతులే ఇప్పుడు లాంప్ షేడ్లు చేస్తున్నాయి. ముస్లిం లోకానికీ ఈ విద్య పరాయిది కాదు. 13వ శతాబ్దపు కైరోలో కంటి వైద్యుడైన ఇబ్న్ దానియాల్ నీడల నాటకాలు రచించాడు. తుర్కీలో రమజాన్ రాత్రులలో కరాగోజ్ ఆట సాగేది.

ఇంట్లో చేయడానికి పట్టుచీర అట్టపెట్టె చాలు. అడుగుభాగాన అంచులు రెండంగుళాలు వదిలి కిటికీ కోసి, తెల్ల కాగితం అంటించాలి. జిగురు ఆరిన తరువాతనే కాగితానికి పలుచగా నూనె రాయాలి. ముందే రాస్తే అంటుకోదు. పాత శుభలేఖలలో ఆకారాలు కత్తిరించి చీపురు పుల్లలకు అతికించాలి. పెట్టెను నిలబెట్టి వెనుక బ్యాటరీ లైటు ఉంచాలి. కొవ్వొత్తి మాత్రం వద్దే వద్దు. బొమ్మ తెరకు ఆనితే నీడ స్పష్టంగా ఉంటుంది, దీపం వైపు జరిగితే పెద్దదై మసకబారుతుంది. నీడల మీద ఇబ్నుల్ హైసమ్ ఒక గ్రంథమే వ్రాశారు. పిల్లలు మొదటి సంగతిని ఒక్క సాయంత్రంలో కనిపెడతారు.

బొమ్మలు చేయవచ్చునా అని అడుగుతారు. హజ్రత్ ఆయిషా (రజి) ఆటబొమ్మలలో రెక్కల గుర్రం ఉండేదని, దానిని గురించి ఆమె ఇచ్చిన సమాధానానికి దైవప్రవక్త (స) నవ్వారని అబూ దావూద్‌లో ఉంది. పిల్లల ఆటకు అనేకమంది ఉలమా దీనిని అనుమతిగా గ్రహించారు, కొందరు గ్రహించలేదు. సందేహించే ఇంటివారికి చెట్లు, రైలు, పెనుకొండ కోట చాలు. ప్రవక్తల, సహాబాల రూపాలు మాత్రం ఎవరూ చేయరాదు.

మా మదరసాలో సబఖ్ అప్పజెప్పేటప్పుడు నాలుక తడబడే బాలుడొకడు పెట్టె వెనుక కూర్చుంటే ధారాళంగా మాట్లాడాడు. హిందూపురం మార్కెట్లో బెల్లం ముక్క ఎత్తుకుని ధర్మవరం రైలెక్కిన చీమ కథ వానిదే. రైలు పెనుకొండ స్టేషనులో ఆగి మూడు రోజులైంది. ఎందుకని అడిగితే, రేపు చెబుతానన్నాడు.