తప్పెవరిదో తేల్చడం కాదు.. కోపం వెనక బాధ వినడం: జంటల థెరపిస్టులు ఇలా నేర్చుకుంటారు

భార్యాభర్తల గొడవలో తప్పు ఎవరిదో తేల్చడమే కౌన్సెలర్ పని అని చాలామంది అనుకుంటారు. ఎమోషనల్లీ ఫోకస్డ్ థెరపీ (ఇ.ఎఫ్.టి.) నేర్చుకునేవాళ్లు ముందుగా మానుకోవాల్సిన అలవాటు అదే.

1980లలో కెనడాలో స్యూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ ఈ పద్ధతిని తయారు చేశారు. పిల్లలకు అమ్మ తోడు ఎంత అవసరమో, పెద్దయ్యాక దగ్గరి మనిషి తోడూ అంతే అవసరం అన్నది దీని మూలసూత్రం. ఆ తోడు పోతుందన్న భయంతో ఒకరు అరుస్తారు, ఇంకొకరు మాట మానేస్తారు. అరుపు పెరిగేకొద్దీ మౌనం పెరుగుతుంది, మౌనం పెరిగేకొద్దీ అరుపు. తమ శత్రువు ఈ చక్రమే అని ఇద్దరికీ అర్థమయ్యేలా చేయడం మొదటి దశ.

శిక్షణ ఎలా?

మొదట నాలుగు రోజుల ఎక్స్‌టర్న్‌షిప్. పాఠాలు, వీడియోలు, రోల్ ప్లేలతో పాటు నిజమైన జంటతో జరిగే సెషన్‌ను కూడా చూస్తారు. తర్వాత కోర్ స్కిల్స్ శిక్షణ, సూపర్‌విజన్. జంట అనుమతితో రికార్డు చేసిన తమ సెషన్లను థెరపిస్టులు సూపర్‌వైజర్‌కు చూపించాలి. గొంతు తగ్గించి నిదానంగా మాట్లాడటం, సలహా ఇవ్వకుండా ఆగడం, ఎదుటివాళ్లు వాడిన మాటనే తిరిగి అనడం అలా అలవాటవుతాయి.

మన ఇళ్లలో..

పద్ధతి ఒకటే, కానీ మాట ఇంటింటికీ మారుతుంది. "మీకేమనిపిస్తోంది?" అంటే మన దగ్గర చాలామంది "ఏముంది, బాగానే ఉన్నా" అంటారు. కాసేపయ్యాక "దిల్ భారీ హై", "గుండె బరువుగా ఉంది", "నిద్ర పట్టట్లేదు" అంటారు. థెరపిస్టు అక్కడి నుంచే మొదలుపెట్టాలి. అత్తగారి విషయం రాగానే కోడలు మాట్లాడదు. అది లిహాజా, భయమా, విసుగా? ఊహించుకోకుండా ఆమెనే అడగాలి. బాధ పైకి చెప్పకూడదని పెరిగిన మగవాళ్లకూ టైమ్ ఇవ్వాలి.

ఎప్పుడు పనికిరాదు?

కొట్టడం, బెదిరించడం జరుగుతుంటే జంటగా ఈ థెరపీ మొదలుపెట్టకూడదు. ప్రాణభయంలో ఉన్న మనిషిని మనసు విప్పమంటే ఇంటికెళ్లాక ఆమెకే ముప్పు. ముందు భద్రత చూసుకోవాలి. మహిళా హెల్ప్‌లైన్ నంబర్ 181.

థెరపిస్టు దగ్గరికి వెళ్లేముందు మూడు ప్రశ్నలు అడగండి: ఇ.ఎఫ్.టి. శిక్షణ ఎంతవరకు తీసుకున్నారు? సూపర్‌విజన్ ఉందా? మేము ఇంట్లో మాట్లాడే భాష మీకు వచ్చా? మూడోది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది, కానీ బాధ బయటికొచ్చేది ఆ భాషలోనే.