క్లిప్పులకు ముందు చిగుళ్లకు చికిత్స అవసరం

ఎత్తుపళ్లు, వంకరపళ్లు సరిచేయించుకోవడం చిన్నపిల్లలకే పరిమితమన్న భావన క్రమంగా తొలగిపోతున్నది. నలభై ఏళ్లు దాటినవారు సైతం క్లిప్పుల కోసం దంత వైద్యులను సంప్రదిస్తున్నారు. ఇందుకు వయసు అడ్డంకి కాదు; అదుపులో లేని చిగుళ్ల వ్యాధి మాత్రం అడ్డంకే.

పంటి వేరుకు, దవడ ఎముకకు నడుమ సన్నని తంతుపొర ఉంటుంది. తీగ పంటిని నెట్టినపుడు ఒత్తిడి పడిన వైపు ఎముక కరిగి, రెండవ వైపు కొత్త ఎముక ఏర్పడుతుంది. పన్ను జరగడమంటే ఇదే. పాచి, గార పేరుకొని చిగురు వాచి ఉన్నచోట ఈ సమతూకం చెడి, ఎముక కరగడమే ఎక్కువై పన్ను వదులవుతుంది.

అంతవరకు లేని సందు మధ్యవయసులో ముందు పళ్ల నడుమ ఏర్పడితే, అది తరచు ఎముక తరిగిన కారణంగా పళ్లు స్థానభ్రంశం చెందుటయే. దానిని కేవలం అందానికి సంబంధించిన లోపంగా భావించి నేరుగా క్లిప్పులు వేయించుకోవడం ప్రమాదకరం. పొగాకు, గుట్కా వాడేవారిలో వ్యాధి ఉన్నప్పటికీ రక్తస్రావం తక్కువగా కనిపించవచ్చు కనుక వారు మరింత జాగ్రత్త వహించాలి. మధుమేహం ఉన్నవారు చక్కెరను ముందుగా అదుపులోకి తెచ్చుకోవాలి.

వైద్యులు సన్నని కొలబద్దతో పంటికి, చిగురుకు మధ్య లోతును కొలుస్తారు. ఆరోగ్యవంతులలో ఇది 1 నుండి 3 మిల్లీమీటర్లు ఉంటుంది. ఎముక ఎంత మిగిలినదీ ఎక్స్‌రేలో తెలుస్తుంది. తరువాత చిగురు పైనా, లోపల వేరుపైనా ఉన్న గారను తొలగించి, రెండు, మూడు నెలలకు తిరిగి కొలుస్తారు. లోతు తగ్గి, రక్తం ఆగిన తరువాతనే క్లిప్పులు అమర్చడం క్షేమం. కొందరికి శస్త్రచికిత్స, ఎముక పొడి నింపడం అవసరం కావచ్చు. చిగురు పలుచగా ఉన్నచోట అంగిలి నుండి కణజాలం తీసి ముందుగానే అతికిస్తారు.

గార తీయిస్తే పళ్లు కదులుతాయన్న అపోహ పట్టణాలలోనూ వినవస్తున్నది. నిజానికి ఆ పళ్లు అంతకు ముందే ఎముక ఆధారం కోల్పోయినవి. గార ఆ సంగతిని కప్పిపుచ్చుతుంది, అంతే.

ఎముక తరిగినవారికి తేలికపాటి ఒత్తిడినే వాడవలసి ఉంటుంది. చికిత్స సాగినంతకాలం సుమారు మూడు నెలలకొకసారి చిగుళ్లను పరీక్ష చేయించుకోవాలి. క్లిప్పులు తీసిన తరువాత పళ్లు తిరిగి జరగకుండా లోపలి వైపు సన్నని తీగను శాశ్వతంగా ఉంచుతారు. హైదరాబాద్, విజయవాడలలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలలో చిగుళ్ల విభాగం, పలువరుస సరిచేసే విభాగం రెండూ ఉన్నందున ఒకేచోట పరీక్ష చేయించుకొనవచ్చును.