రక్తసంబంధానికి పరీక్ష

ఒకరోజు ఇరవై రెండేళ్ళ కుర్రవాడు ఓ.పి. అయిపోయేదాకా గుమ్మం పక్కనే నిలబడి, అందరూ వెళ్ళాక లోపలికి వచ్చాడు. జేబులోంచి రెండు కాగితాలు తీసి నా బల్లమీద పెట్టాడు. ఒకటి కాలేజీలో రక్తదానం చేసినప్పుడు ఇచ్చిన కార్డు. అందులో ఓ పాజిటివ్ అని ఉంది. రెండోది వాళ్ళ నాన్నగారికి ఎప్పుడో ఒక నర్సింగ్‌హోములో అపెండిసైటిస్ ఆపరేషను అయినప్పుడు ఇచ్చిన డిశ్చార్జి చీటీ. అందులో ఎ.బి. పాజిటివ్ అని ఉంది.

"ఎ.బి. గ్రూపు తండ్రికి ఓ గ్రూపు బిడ్డ పుట్టడని ఇంటర్మీడియట్‌లో చదువుకున్నానండీ" అన్నాడు. ఆ తర్వాత మాట పెగల్లేదు. నాలుగు నెలలుగా తల్లితో మాట్లాడటం లేదట. ఎందుకో ఆమెకు తెలియదు.

పుస్తకంలో ఉన్నది నిజమే. రక్తం గ్రూపును నిర్ణయించే జన్యువులు ప్రతి మనిషికీ రెండు ఉంటాయి. ఒకటి తల్లినుంచి, ఒకటి తండ్రినుంచి వస్తుంది. ఎ.బి. గ్రూపు తండ్రి దగ్గర ఉన్నవి ఎ, బి మాత్రమే. వాటిలో ఏదో ఒకటి బిడ్డకు ఇచ్చి తీరాలి. ఓ గ్రూపు బిడ్డ దగ్గర ఆ రెండూ ఉండవు.

కాని చీటీ వ్రాసింది మనిషే కదా! తండ్రికి అప్పటికే హెర్నియా ఉంది. ఆపరేషనుకు ఎలాగూ రక్తం గ్రూపు చూడాలి. పిలిపించి రెండుసార్లు వేర్వేరుగా చూయించాను. రెండుసార్లూ బి పాజిటివే! తల్లిది ఓ పాజిటివ్. ఆ సంగతి అంతవరకూ ఎవరూ అడగనే లేదు. బి తండ్రికీ ఓ తల్లికీ ఓ గ్రూపు బిడ్డ పుట్టడంలో వింత ఏమీ లేదు. కుర్రవాడు ఆ కాగితం చూసుకుని బయటికి వెళ్ళి, బెంచీమీద కూర్చున్న తల్లి చేతిలోంచి సంచీ తీసుకున్నాడు. ఆమె "ఏమైందిరా?" అంది. వాడేం చెప్పాడో నేను వినలేదు.

ఆ చీటీ సరైనదే అయినా సందేహానికి చోటు ఉండేది. 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే, ఆయన సహచరులు ఒక అరుదైన గ్రూపును కనిపెట్టారు. దానికి 'బాంబే గ్రూపు' అనే పేరు. ఈ మనుషుల్లో ఎ, బి జన్యువులు ఉన్నా, అవి పైకి కనిపించడానికి కావలసిన పునాది పదార్థం తయారు కాదు. మామూలు పరీక్షలో ఓ గ్రూపులాగే కనిపిస్తారు. అందుచేత గ్రూపు కార్డు చూసి కాపురాల మీద తీర్పు చెప్పకండి.

మరి నిజంగా తేలవలసి వస్తే? అక్కడే డి.ఎన్.ఏ. పరీక్ష వస్తుంది. మన కణాల్లోని డి.ఎన్.ఏ.లో కొన్నిచోట్ల ఒక చిన్న ముక్క మళ్ళీ మళ్ళీ వస్తూ ఉంటుంది. ఎన్నిసార్లు అన్నది మనిషి మనిషికీ మారుతుంది. ఇలాంటి చోట్లు ఇరవై దాకా ఎంచుకుని లెక్కపెడతారు. బిడ్డలో ప్రతిచోటా రెండు అంకెలుంటాయి. ఒకటి తల్లితో కలవాలి, రెండోది తండ్రితో కలవాలి. ఒక్కచోట తేడా వస్తే అది సహజంగా జరిగిన మార్పు కావచ్చు. చాలాచోట్ల తేడా వస్తే ఆయన తండ్రి కాదన్నమాటే.

ఈ విద్యకు 1984లో ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ నాంది పలికాడు. మన దేశంలో దీన్ని నిలబెట్టింది హైదరాబాదు సి.సి.ఎం.బి.లో పనిచేసిన డాక్టర్ లాల్జీ సింగ్. 1980ల చివర కేరళలోని తెల్లిచెర్రి కోర్టులో నడిచిన పితృత్వ వివాదంలో ఆయన పరీక్షే సాక్ష్యమైంది. 2007 నుంచి 2009 దాకా మన గవర్నరుగా ఉన్న ఎన్.డి. తివారీ గారి మీద ఒక యువకుడు ఢిల్లీ హైకోర్టులో వేసిన దావా గుర్తుందా? 2012లో దాన్ని తేల్చిన రక్తపరీక్ష కూడా హైదరాబాదులోనే జరిగింది.

డాక్టరుగా నాకు బాగా నచ్చిన కథ మాత్రం ఒక పేగుముక్కది. రష్యా చక్రవర్తి కూతురు అనస్తాసియాను నేనే అంటూ అన్నా ఆండర్సన్ అనే ఆవిడ దశాబ్దాలపాటు వాదించింది. 1920లో బెర్లిన్‌లో కాలవలో దూకితే బయటికి తీసిన మనిషి ఆవిడ. జర్మనీ కోర్టుల్లో ఏళ్ళ తరబడి నడిచిన దావా 1970లో ఎటూ తేలకుండానే ముగిసింది. 1984లో ఆవిడ అమెరికాలో చనిపోయింది, దహనం చేసేశారు. ఇక ఏం పరీక్షిస్తారు? కాని 1979లో ఆవిడకు ఒక ఆస్పత్రిలో పేగు ఆపరేషను జరిగింది. తీసిన ముక్కను అక్కడి పాథాలజీవారు పద్ధతి ప్రకారం దాచిపెట్టారు. 1994లో దాన్ని పరీక్షిస్తే రాజకుటుంబంతో కలవలేదు. పోలండు ప్రాంతంనుంచి వచ్చిన ఒక కార్మికురాలి బంధువుతో కలిసింది! మేము సీసాల్లో దాచే ముక్కల్ని చూసి ఇంట్లోవాళ్ళు నవ్వుతుంటారు గాని, చూశారా!

అక్కడ వాడింది తల్లి వైపునుంచి వచ్చే డి.ఎన్.ఏ. తల్లి తన పిల్లలందరికీ దాన్ని ఇస్తుంది. కూతుళ్ళు మాత్రమే ముందు తరానికి అందిస్తారు. వై క్రోమోజోము దీనికి ఎదురు. అది తండ్రినుంచి కొడుకుకే వెళ్తుంది. అందుకని తండ్రి పోయిన ఇంట్లో కొడుకు సందేహం తీరడానికి పినతండ్రి రక్తం కొంత పనికివస్తుంది. అన్నదమ్ములు ఇద్దరికీ వై ఒకటే కనుక అది వంశాన్ని చెబుతుంది గాని, ఇద్దరిలో తండ్రి ఎవరో చెప్పదు. ఇంకో సంగతి. ఎముక మూలుగు మార్పిడి జరిగినవారి రక్తంలో దాత డి.ఎన్.ఏ. ఉంటుంది. పరీక్షకు వెళ్ళినప్పుడు ఆ విషయం దాచకూడదు.

బిడ్డ వెంట్రుకలు కత్తిరించి రహస్యంగా ఎక్కడికో పంపుతామని అడిగేవారున్నారు. కుదురు లేని వెంట్రుకతో ఈ పరీక్ష సాధారణంగా జరగదు. జరిగినా రహస్యంగా తీసిన నమూనాను కోర్టు నమ్మడం కష్టం. అడిగినంత మాత్రాన కోర్టులు ఈ పరీక్షకు ఉత్తర్వు ఇవ్వవని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. మధ్యలో నలిగేది బిడ్డ కదా.

ఇప్పుడు ఉమ్మి సీసాలో పట్టి పంపితే బంధువుల జాబితా ఇచ్చే కంపెనీలు అమెరికాలో ఉన్నాయి. వాటిలో పేరుపడ్డ 23 అండ్ మీలో 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు దొంగల పాలయ్యాయి. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషను వేసింది. ఫోను నంబరు మార్చుకున్నట్టు డి.ఎన్.ఏ.ను మార్చుకోలేం.

డల్లాస్‌లో ఉంటున్న ఒక పాఠకురాలు ఇలాంటి పరీక్షే చేయించుకుని నాకు ఉత్తరం వ్రాసింది. పెదనాన్న కూతురు కూడా చేయించుకుందట. ఆ అక్కతో పన్నెండున్నర శాతం దాకా కలవాలి, పాతిక శాతం కలిసింది. 'సవతి సోదరి కావచ్చు' అని కంపెనీ వ్రాసింది. "మా నాన్నను ఎలా అడగనండీ?" అని ఆ పిల్ల వేదన.

నేను తిరిగి ఒకే ప్రశ్న వ్రాశాను. మీరు 'పెద్దమ్మ' అంటున్న ఆవిడ పెదనాన్న భార్య కాబట్టి పెద్దమ్మా, లేక మీ అమ్మకు అక్క కూడానా? అన్నదమ్ములు ఇద్దరు అక్కచెల్లెళ్ళిద్దరిని చేసుకోవడం మన ఇళ్ళల్లో మామూలే. అప్పుడు ఆ పిల్లలకు రెండువైపులా చుట్టరికం. పన్నెండున్నర, పన్నెండున్నర కలిస్తే పాతిక! మేనమామకో మేనబావకో ఇచ్చి చేసిన సంబంధాల్లోనూ ఈ అంకెలు ఇలాగే పెరుగుతాయి. సవతి తోబుట్టువులకు సాధారణంగా ఒకవైపు భాగాలే కలుస్తాయి. ఇలాంటి అక్కచెల్లెళ్ళకు కొన్నిచోట్ల రెండువైపులా కలుస్తాయి. వెతికి చూస్తే తేడా తెలుస్తుంది.

వారం తిరక్కుండా జవాబు వచ్చింది. పెద్దమ్మ అమ్మకు సొంత అక్కేనట. చిన్నప్పటినుంచీ ఎటునుంచి చూసినా పెద్దమ్మే కాబట్టి ఎప్పుడూ ఆలోచించలేదట.