గడువు దాటిన నిద్రమాత్ర

బియ్యమును, పప్పును, ఊరగాయ జాడీలను కనిపెట్టి చూచుకొను ఇల్లాలు మందుల పెట్టెను మాత్రము ఏడాదికొక మారైనను తెరచి చూడదు. జ్వరము తగ్గగా మిగిలిన మాత్రలు, సగము వాడిన దగ్గుమందు సీసా, పెద్దల శస్త్రచికిత్సనాటి స్ట్రిప్పులు అన్నియు అందు చేరి నిలిచియుండును. వానిలో నిద్రమాత్రలు కానవచ్చుట నేడు అరుదు కాదు.

హైదరాబాదునకు పడమట మాదాపురమున 1998వ సంవత్సరము నవంబరులో సైబర్ టవర్సు ప్రారంభమైనది మొదలు, హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపురము, మణికొండ ప్రాంతములందలి అనేక గృహములలో రేయింబగళ్లు తారుమారైనవి. అమెరికాలో ప్రొద్దు పొడుచువేళ ఇక్కడి కోడలు కంప్యూటరు ముందు కూర్చుండును. ఆమె పడుకొనువేళకు వీధిలో కూరగాయల బండివాని కేక వినవచ్చును. మనుమని చూడవచ్చిన అత్తగారికి పదునాలుగవ అంతస్తున క్రొత్తచోట కన్ను మూతపడదు. “అత్తయ్యా, మామయ్యగారికి ఆపరేషనైనప్పుడు డాక్టరుగారు వ్రాసిన నిద్రమాత్ర యొకటి యున్నది, వేసికొనెదరా?” యని కోడలడుగును. “డేటు చూడవమ్మా” యని యామె యనును. చూడగా గడువు దాటి యెనిమిది నెలలైనది! ఇట్టి సందేహము పలు గృహములలో పుట్టునదే కావున, సోదరీమణులారా, దీనిని కొంచెము విచారింతము.

మొదట గడువనగా నేమో తెలిసికొనవలయును. స్ట్రిప్పుపై ముద్రించిన నెల తుదిదినము వరకు, చెప్పినరీతిని భద్రపరచినచో, మందు చెప్పినంత బలముతోను శుద్ధితోను ఉండునని తయారుచేసినవారు పడు పూచీయే గడువు. ఆ మరునాడే మాత్ర విషమైపోవునని దాని యర్థము కాదు. అమెరికా దేశమున సైన్యము కొరకు నిలువచేసిన మందులను 1986 మొదలు అక్కడి ఔషధశాఖవారు పరీక్షించుచు వచ్చిరి. 2006లో వెల్లడియైన లెక్కల ప్రకారము, 122 రకముల మందులకు చెందిన 3,005 తయారీలలో నూటికి 88 వంతులు గడువు దాటిన పిదప కనీస మొక సంవత్సరమైనను నిలువదగియుండెను.

ఇది విని ధైర్యము తెచ్చుకొనవలదు. ఆ మందులు విప్పని పెట్టెలలో, తగిన చల్లదనమున, పొడిచోట కాపాడబడినవి. మన యింటి మాత్ర యట్లున్నదా? మన దేశము మిక్కిలి వేడియు తేమయు గల మండలములలో చేరినదని యెంచి, 30 డిగ్రీల వేడిమిలో మందుల నిలుకడను పరీక్షింతురు. హైదరాబాదు వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. పొయ్యిదగ్గరి అలమారలోనో, స్నానాలగది అద్దము వెనుకనో, ఎండలో నిలిపిన కారులోనో పడియున్న మాత్ర ముద్రించిన తేదీకి ముందే బలము కోల్పోవచ్చును. దానిలో నెంత సత్తువ మిగిలినదో కంటితో చూచి చెప్పజాలము.

నిద్రమాత్ర విషయమున ఈ సందేహమే ప్రమాదమునకు మూలము. ఒక మాత్ర వేసికొన్నను నిద్ర రాలేదని మరియొకటి, పిదప క్రొత్త స్ట్రిప్పులోనిది ఇంకొకటి వేసికొనుట జరుగును. అన్నియు కలిసి పనిచేసిన తరువాత అది నిద్ర కాదు, మైకము. అందుపై మద్యముగాని, ట్రమడాల్ వంటి నొప్పిమందుగాని తోడైనచో శ్వాస మందగించి ప్రాణమునకే ముప్పు రావచ్చును. మగత కలిగించు జలుబుమందులును ఈ మైకమును పెంచును.

గడువు దాటిన మందుతో మరియొక విధమైన హాని కలదు. క్లోనజిపామ్, క్లోబజామ్ వంటి మందులను మూర్ఛవ్యాధికై వాడువారు కలరు. బలము తగ్గిన మాత్ర వేసికొన్నచో వారికి మూర్ఛ తిరిగి రావచ్చును. అట్లని గడువు దాటినదని ఒక్కమారుగా మందు మానివేయుటయు కూడదు. ఈ జాతి మందులను చిరకాలము వాడి హఠాత్తుగ ఆపినచో వణకు, కలత, ఒక్కొక్కప్పుడు మూర్ఛయు కలుగును. కావున నిత్యము వాడువారు పాతది తీరకమునుపే క్రొత్తది తెప్పించుకొనవలయును. మానదలచినచో వైద్యుని సలహాపై మెల్లమెల్లగ తగ్గింపవలయును.

ఇక అసలు సంగతి. మాత్రకంటె ముందుగ గడువు తీరునది వైద్యుని మందుచీటి. నిద్రమాత్రలు సామాన్యముగ కొలది దినములకో, రెండు మూడు వారములకో వ్రాయదగినవి. మామగారి నొప్పులనాటి నిద్రలేమికి వ్రాసిన మాత్ర అత్తగారి వయస్సును, ఆమె వాడు రక్తపోటు మందులను, గురకను, ఊపిరితిత్తుల బలమును ఎరుగదు. 65 ఏండ్లు దాటినవారికి డయజిపామ్, ఆల్ప్రజోలం వంటివి వీలైనంతవరకు ఈయరాదని అమెరికా వృద్ధవైద్య సంఘమువారు హెచ్చరించుచున్నారు. రాత్రి లేచి తూలిపడి తుంటియెముక విరుగగొట్టుకొనుటయు, మతిమరుపును వాని ఫలములు. తేదీ క్రొత్తదైనను అత్తగారికి ఆ మాత్ర తగినది కాకపోవచ్చును.

స్త్రీలకు ప్రత్యేకముగ తెలియవలసిన విషయ మొకటి కలదు. జోల్పిడెమ్ అను నిద్రమందు స్త్రీల శరీరమునుండి పురుషులకంటె ఆలస్యముగ తొలగునని తేలుటచే, 2013లో అమెరికా ఔషధశాఖవారు స్త్రీల మోతాదును 10 మిల్లీగ్రాములనుండి 5కు తగ్గింపజేసిరి. నిద్ర లేచిన తరువాతను ఆ మందు రక్తమున మిగిలియుండి వాహనము నడపుటకు అడ్డు వచ్చును. భర్తకు వ్రాసిన మాత్రను భార్య వేసికొని స్కూటీపై బయలుదేరుట యెంత అపాయమో చెప్పనక్కరలేదు. గర్భవతులును, బాలింతలును వైద్యుని అడుగక వీనిని ముట్టరాదు.

చట్టము కూడ వీనిని సామాన్యముగ చూడలేదు. 2014 మార్చి మొదలు అమలైన హెచ్1 పట్టికలో ఆల్ప్రజోలం, డయజిపామ్, నైట్రజిపామ్, జోల్పిడెమ్ చేరియున్నవి. వీనిపై ఎఱ్ఱగీతల పెట్టెలో హెచ్చరిక యుండును. దుకాణదారుడు మందుచీటి చూచియే వీనిని అమ్మవలెను. వైద్యుని పేరును, రోగి పేరును ప్రత్యేక పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపరుపవలెను. ఇంత కట్టుబాటు ఏల యని యడుగువారు దూరము పోనక్కరలేదు. హైటెక్ సిటీకి పొరుగుననున్న కూకట్‌పల్లి ప్రాంతమున 2025 జూలైలో కల్తీకల్లు త్రాగి పలువురు ఆసుపత్రి పాలైరి, కొందరు మరణించిరి. కల్లు నమూనాలలో ఆల్ప్రజోలం కలదని పరీక్షలలో తేలినది. వైద్యుని చేత మందైనది కొలతలేని చేత మృత్యువగును.

కావున గృహిణులు చేయదగిన పనులు కొన్ని గలవు. మందుల దుకాణమున స్ట్రిప్పును కత్తిరించి యిచ్చునపుడు తేదీగల ముక్క మనకే వచ్చునట్లు అడుగవలయును. లేనిచో ఇంటికి రాగానే కవరుపై తేదీని వ్రాసికొనవలయును. నిద్రమాత్రలను తాళముగల పెట్టెలో, పిల్లల చేతికందని పొడిచోట ఉంచవలయును. ఎవరైనను మాత్రలు వేసికొని లేపినను లేవక, శ్వాస మందగించి, పెదవులు నీలమైనచో, వాంతి చేయింప యత్నింపక, ప్రక్కకు ఒత్తిగిల పరుండబెట్టి వెంటనే 108కి ఫోను చేయవలయును. ఖాళీ స్ట్రిప్పును వైద్యునికి చూపవలయును.

పాతమందులను పారవేయుటకును పద్ధతి కలదు. దుర్వినియోగమునకు లోనగు 17 మందులను మరుగుదొడ్డిలో వేసి నీరు వదలవలెనని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థవారు 2025 మేలో సూచించిరి. డయజిపామ్, ట్రమడాల్ అందు గలవు. ఆల్ప్రజోలం, జోల్పిడెమ్ ఆ జాబితాలో లేవు. అట్టివానిని తిరిగి తీసికొను ఏర్పాటున్నచో అక్కడ ఇచ్చుట మేలు. లేనిచో మాత్రలను విడదీసి, వాడిన టీపొడితోనో మట్టితోనో కలిపి, సంచిలో మూటగట్టి చెత్తలో వేయవలయును. స్ట్రిప్పును స్ట్రిప్పుగనే పారవేసినచో చెత్త ఏరుకొను పసివాని చేతబడవచ్చును.

ఆ రాత్రి అత్తగారికేమి చేయవలెనందురా? సాయంకాలము కాఫీ మాని, గదిలో వెలుతురు తగ్గించి, కొంతసేపు ప్రక్కన కూర్చుండి ఊరి కబుర్లు చెప్పనిండు. కొన్నిరాత్రులు గడచినను నిద్ర పట్టనిచో ఆమెనే వైద్యుని యొద్దకు తీసికొనిపొండు. రాత్రి కొలువుతో నిద్ర చెడిన కోడలికిని అదియే మార్గము. మనోవ్యథ చేత నిద్ర తొలగినవారు 14416 అను టెలిమానస్ సంఖ్యకు ఫోనుచేసి ఉచితముగ సలహా పొందవచ్చును.

నేడే మందుల పెట్టెను తెరచి చూడుడు. గడువు దాటిన నిద్రమాత్ర కనబడినచో, ఇది యింకను పనిచేయునా యని యడుగుటకు ముందు, ఇది యెవరికొరకు, ఏనాడు, ఎందులకు వ్రాయబడినదని ప్రశ్నింపుడు. ఆ యవసరము తీరియున్నచో ఆ మాత్రకు మీ యింట నిక చోటు లేదు.