అమ్మమ్మ కుక్కర్లో రసాల కేకు

సెలవులకొచ్చిన పిల్లలు కేకు అడుగుతారు. ఇంట్లో ఓవెన్ లేదు. గది నిండా మామిడిపళ్లున్నాయి. నూజివీడు వైపు ఇళ్లలో ఈ చిక్కుకు జవాబు అటక మీదే ఉంది... పాత కుక్కరు!

నూజివీడు రైల్వేస్టేషన్‌లో దిగిన కొత్తవాళ్లు కాస్త తికమకపడతారు. స్టేషన్ పేరు నూజివీడే కానీ, అది ఉన్నది హనుమాన్ జంక్షన్ దగ్గర. అసలు ఊరు చేరాలంటే అక్కణ్నుంచి బస్సో ఆటోనో ఎక్కాల్సిందే. ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే ఆ ఆటోల్లో సామాన్లకంటే పిల్లలే ఎక్కువ. బడికి సెలవులిచ్చేశారు. జూన్ రెండోవారం దాకా పుస్తకం ముట్టక్కర్లేదు. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి, విశాఖ నుంచి అమ్మమ్మగారి ఊరికి ప్రయాణం. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట... ఎటు వెళ్లినా దారి పక్కన మామిడి తోటలే. 2022లో జిల్లాలు మారినప్పుడు నూజివీడును కృష్ణా నుంచి తీసి ఏలూరులో కలిపారు. పండు రుచికి మాత్రం ఆ సంగతి తెలియదు.

గుమ్మంలో అడుగు పెట్టీపెట్టగానే సీజన్ వచ్చిందని ముక్కుకు తెలిసిపోతుంది. ఒక గది మొత్తం మామిడిదే. కింద వరిగడ్డి, దాని మీద కాయలు, పైన మళ్లీ గడ్డి. తాతయ్య పొద్దున్నే వెళ్లి గడ్డి తొలగించి, పండినవాటిని ఒక్కొక్కటే వాసన చూసి తట్టలో వేసుకొస్తారు. బంగినపల్లి అయితే కోసుకు తినాలి. చిన్నరసం, పెద్దరసం కొయ్యకూడదు. రెండు చేతుల మధ్యా మెల్లగా పిసికి, ముచ్చిక తీసి, చిల్లు చేసి జుర్రుకోవాలి. మోచేతి దాకా రసం కారితేనే పండు తిన్నట్టు. ఫోర్కుతో ముక్కలు తినడం అలవాటైన పట్నం పిల్లలకు ఆ విద్య రావడానికి ఒక పూట, చొక్కాలు రెండూ ఖర్చవుతాయి.

మొదటి రెండు రోజులూ పండగే. మూడోరోజుకి కాస్త మొహం మొత్తుతుంది. నాలుగోరోజు ఎవరో ఒకరు కేకు కావాలంటారు. సెలవుల్లోనే పుట్టినరోజు వచ్చే పిల్ల ఒకతి ఉంటే ఆ కోరికకు బలం మరీ ఎక్కువ. అమ్మమ్మకు సున్నుండలు వచ్చు, అరిసెలు వచ్చు, గవ్వలు వచ్చు. కేకు ఎప్పుడూ చెయ్యలేదు. ఎదురింటి నుంచి అప్పు తెచ్చుకుందామంటే ఓవెనేమీ ఇడ్లీపాత్ర కాదు కదా!

అప్పుడు కూతురు రంగంలోకి దిగుతుంది. నిజానికి కేకు వంకతో తల్లీ కూతుళ్లిద్దరూ ఒకే పొయ్యి దగ్గర నిలబడటం ఏడాదిలో ఆ ఒక్కసారే.

డాల్డా డబ్బా పట్టుకుని బేకరీకి...

కాల్చిన తీపి మన ఇళ్లకు మరీ కొత్తేమీ కాదు. ఇప్పుడు నలభైలు దాటిన అమ్మల్ని అడిగితే చెబుతారు. వాళ్ల చిన్నతనంలో సెలవుల్లోనో, క్రిస్మస్ ముందో ఇంట్లోంచి మైదా, పంచదార, డాల్డా సంచిలో పెట్టుకుని బేకరీకి వెళ్లేవారు. అక్కడే పిండి కలిపి, అచ్చులు వేసి, రేకుల మీద పేర్చి పొయ్యిలోకి తోసేవారు. మన బిస్కెట్లు ఎక్కడ పక్కవాళ్లవాటిలో కలిసిపోతాయోనని పిల్లలు కదలకుండా కాపలా కూర్చునేవారు. వేడి తగ్గకముందే నాలుగు నోట్లోకి వెళ్లేవి. మిగతావి స్టీలు డబ్బాలోకి, డబ్బా అటక మీదికి. రోజుకు రెండే అని అమ్మ లెక్క. ఆ లెక్క ఏ ఇంట్లోనూ సరిపోయిన దాఖలా లేదు.

బేకరీ పొయ్యి చేసే పని ఒకటే. తడిలేని వేడిని పిండికి అన్నివైపుల నుంచీ సమంగా అందించడం. ఆ పని ఇంట్లో కుక్కరు, ఇసుక కలిసి చేసిపెడతాయి. ఇసుక నెమ్మదిగా వేడెక్కుతుంది, ఆ వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది. మంట నేరుగా గిన్నె అడుగుకు తగలదు కాబట్టి మాడదు. కరెంటు పోయిందని కేకు ఆగిపోయే బెంగా లేదు.

అయితే కుక్కరును నీళ్లు లేకుండా వేడిచేయొద్దని తయారీదారులే చెబుతారు. అందుకని రోజూ పప్పు ఉడికే కుక్కరును దీనికి వాడొద్దు. మూలనపడ్డ పాతదాన్ని, అడుగు మందంగా ఉన్నదాన్ని తీయండి. మూతకున్న రబ్బరు గాస్కెట్టు, విజిలు రెండూ తప్పనిసరిగా తీసేయాలి. గాస్కెట్టు ఉంచితే పొడివేడికి కాలి కంపు కొడుతుంది. విజిలు ఉంచితే లోపలి ఆవిరికి దారి ఉండదు. ఇసుక బదులు ఉప్పు పోసేవాళ్లూ ఉన్నారు. అల్యూమినియానికి ఉప్పు అంత మంచిది కాదు, ఇసుకే మేలు. కుక్కరు లేకపోతే మందపాటి మూకుడు, దానికి సరిపడే మూత ఉన్నా పని జరుగుతుంది.

రసమా... బంగినపల్లా?

నూజివీడు ఇంట్లో ఈ ప్రశ్న మీద ఇద్దరు ఒక మాట మీద ఉండరు. బంగినపల్లిలో పీచుండదు, గుజ్జు చిక్కగా ఉంటుంది, కేకు తేలిగ్గా కుదురుతుంది. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా దానికే. కానీ రసాల వాసన దానికెక్కడిది! ఇక్కడివాళ్ల ఓటు చిన్నరసానికే. కాకపోతే రెండు పనులు ఎక్కువ. ఒకటి, పీచు పోయేలా రసాన్ని జల్లెడలో వడకట్టాలి. రెండు, అందులో నీరు ఎక్కువ కాబట్టి మందపాటి గిన్నెలో పోసి సన్నసెగ మీద కలుపుతూ చిక్కబరచాలి. ఒకటిన్నర కప్పుల రసం ఒక కప్పుకు దిగాలి. ఈ రెండో పని మానేసినవాళ్ల కేకే మధ్యలో పచ్చిగా, హల్వాలా మిగిలేది.

పండు ఇంట్లో మాగినదైతే చింతలేదు. బజారులో కొంటే మాత్రం ఒకటి ముందే కోసి రుచి చూడండి. కార్బైడుతో మాగబెట్టడం నిషేధమే, ఇథిలీన్ వాయువుకే అనుమతి. అయినా తొక్క పసుప్పచ్చగా మెరుస్తూ లోపల పుల్లగా, తెల్లగా ఉండే పండు అప్పుడప్పుడూ తగులుతూనే ఉంటుంది. అలాంటిదాంతో ఎంత పంచదార పోసినా కేకుకు రుచి రాదు.

ఇక కొలతలు. ఇది గుడ్డు లేని పద్ధతి, ఎందుకంటే గుడ్డు వంటింటి గడప దాటని ఇళ్లు ఈ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. మైదా ఒకటిన్నర కప్పులు, బేకింగ్ పౌడరు ఒక చెంచా, వంటసోడా అర చెంచా, చిటికెడు ఉప్పు... ఇవన్నీ కలిపి రెండుసార్లు జల్లించాలి. చెంచా అంటే టీ చెంచానే, కూరలో వేసే గరిటె కాదు. సోడా ఎక్కువైతే కేకు చేదెక్కుతుంది. వేరే గిన్నెలో చిక్కబరచి చల్లార్చిన గుజ్జు ఒక కప్పు, ముప్పావు కప్పు పంచదార పొడి, అర కప్పు వాసనలేని నూనె, పావు కప్పు పెరుగు వేసి నున్నగా గిలకొట్టాలి. నాలుగు యాలకులు దంచి వేస్తే చాలు, వెనీలా ఎసెన్సు అక్కర్లేదు. రసానికి ఉన్న వాసనను సీసాలో వాసనతో కప్పేయడం ఎందుకు?

ఈలోగా కుక్కర్లో కడిగి ఎండబెట్టిన ఇసుక రెండు వేళ్ల మందాన పోసి, దాని మీద చిన్న స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడి చేయాలి. అప్పుడే పిండినీ గుజ్జునూ కలపాలి. ముందే కలిపి పక్కన పెడితే సోడా పెరుగుతోనూ, పండులోని పులుపుతోనూ కలిసి పుట్టించిన బుడగలన్నీ గిన్నెలోనే పేలిపోతాయి. ఇక పొంగడానికి ఏమీ మిగలదు. ఉండలు లేకుండా కలిస్తే చాలు, దోసెల పిండిలా బాదకూడదు. నెయ్యి రాసి మైదా చల్లిన గిన్నెలో సగానికి పైగా పోసి, స్టాండు మీద దింపి, సెగ బాగా తగ్గించి మూతపెట్టండి. నలభై నిమిషాల దాకా మూత తీయకూడదు.

కేకు చేయడంలో కష్టమంతా ఇక్కడే ఉంది. ఐదు నిమిషాలకోసారి ఎవరో ఒకరు వచ్చి, అయిందా అంటారు. మూత తీస్తే లోపలి వేడి పోయి, పొంగుతున్న కేకు కూలబడుతుంది. కుక్కరు దగ్గర అమ్మమ్మ పీట వేసుక్కూర్చుంటే తప్ప దానికి రక్షణ లేదు. నలభై నిమిషాల తర్వాత కడిగిన కొత్త చీపురుపుల్ల మధ్యలో గుచ్చి చూడాలి. తడి అంటకుండా వస్తే దించేయొచ్చు. అంటితే ఇంకో పది నిమిషాలు. పైభాగం బేకరీ కేకులా గోధుమరంగుకు రాదు, కాస్త పాలిపోయి ఉంటుంది. పళ్లెంలో బోర్లిస్తే ఎర్రగా కాలిన అడుగు పైకి వస్తుంది. సమస్య తీరిపోయింది!

ఎండే ఓవెన్

కేకు విషయంలో అమ్మమ్మ శిష్యురాలే కానీ, నెమ్మదిగా వేడి పట్టించే విద్యలో ఆవిడ గురువు. అనుమానముంటే డాబా మీదికి వెళ్లి చూడాలి. శుభ్రమైన చాప పరిచి, పంచదారో బెల్లమో కలిపిన రసాన్ని పలచగా పూస్తారు. అది ఎండాక దాని మీద మరో పూత. ఆ మర్నాడు ఇంకొకటి. రోజుల తరబడి పూతల మీద పూతలు పడ్డాక చాప నుంచి ఊడి వచ్చేదే మామిడితాండ్ర. తాండ్ర అనగానే గోదావరి పక్కనున్న ఆత్రేయపురం గుర్తొచ్చేవాళ్లే ఎక్కువ, నూజివీడు వాళ్లు ఆ మాట ఒప్పుకోరనుకోండి. పక్షుల్ని తోలడం పిల్లల డ్యూటీ. చాప అంచులు గీరి తినడం జీతం. మేఘం కనబడితే మాత్రం ఇల్లంతా డాబా మీదికి పరుగు. ఒక్క జల్లు పడితే వారం కష్టం నీళ్లపాలే.

ఆ తాండ్ర సెలవులయ్యాక కేకులోకి దిగుతుంది. దసరాకో, క్రిస్మస్‌కో ఇల్లు నిండినప్పుడు చెట్టు మీద పండుండదు. తాండ్రను శనగగింజంత ముక్కలు కోసి, మైదాలో దొర్లించి మామూలు కేకు పిండిలో కలిపితే టూటీఫ్రూటీ ఎవరికీ గుర్తు రాదు. మైదాలో దొర్లించకపోతే ముక్కలన్నీ బరువుకు అడుగుకు చేరతాయి, అంతే తేడా.

ఏ సంచిలో ఏమిటి?

తిరుగు ప్రయాణంలో అన్నిటికంటే పెద్ద తగాదా సామాను దగ్గరే. రసాలు రైల్లో నలిగి బట్టలకు పూసుకుంటాయి. బంగినపల్లి దోరగా ఉన్నప్పుడే సర్దాలి. ఊరగాయ జాడీ ఒక మోత. తేలిగ్గా, కారకుండా వెళ్లేవి తాండ్ర, కేకు. కేకును పూర్తిగా చల్లారనిచ్చి, కోయకుండా కాగితంలో చుట్టి డబ్బాలో పెడితే వేసవిలో కూడా రాత్రి ప్రయాణం, మర్నాడు సాయంత్రం దాకా బాగుంటుంది. వేడిమీద మూతపెడితే ఆవిరికి తడిసి పాడవుతుంది.

విమానం ఎక్కేవారి సంగతి వేరు. అమెరికా 2007లో మన మామిడికి తలుపులు తీసింది కానీ, రేడియేషన్‌తో శుద్ధి చేసి సరుకుగా పంపిన పళ్లకే. ప్రయాణికులు సూట్‌కేసులో తీసుకెళ్లే పండుకు అక్కడ అనుమతి లేదు. అమ్మమ్మ దాచి పంపిన రెండు రసాలు విమానాశ్రయంలో చెత్తబుట్ట పాలయ్యే కథలు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తాయి. కేకుకు మామూలుగా అడ్డు చెప్పరు. తినే వస్తువు ఉందని ఫారంలో రాసి, అడిగితే చూపించాలి.

అసలు చిక్కు సూట్‌కేసుది కూడా కాదు, క్యాలెండరుది. అమెరికా బళ్లకు సెలవులు మొదలయ్యేసరికి మే చివరో, జూన్ మధ్యో అవుతుంది. గల్ఫ్‌లో జులై, ఆగస్టు. వాళ్లు టికెట్లు దొరికి ఊరు చేరేసరికి గదిలో గడ్డి ఊడ్చేసి ఉంటుంది. తోట ఉన్నా చాలా కుటుంబాలు పూత మీదే వ్యాపారికి కౌలుకిచ్చేస్తాయి. ఇంటి వాడకానికి ఒకటి రెండు చెట్లు వదిలేలా మాట్లాడుకుంటేనే గదిలోకి కాయలొచ్చేది. గిట్టుబాటు కాక చెట్లు కొట్టేసి ఆయిల్‌పామ్ వేసుకున్నవాళ్లూ ఉన్నారు. అలాంటి ఇంట్లో అమ్మమ్మ మనవల కోసం రసాలు కొనాల్సి వస్తుంది. నూజివీడులో పండు కొనుక్కోవడం ఆవిడకు ఎంత నామోషీయో చెప్పనక్కర్లేదు.

అందుకే మే నెల దాటకముందే ఫ్రిజ్ పైఅరలో ప్లాస్టిక్ డబ్బాలు చేరతాయి. వడకట్టి, చిక్కబరచి, చల్లార్చిన రసం. ఒక్కో డబ్బాలో సరిగ్గా ఒక కప్పు, అంటే ఒక కేకుకు సరిపడా. డీప్ ఫ్రీజర్లో గట్టిగా గడ్డకట్టి ఉంటే నెలల తరబడి నిలుస్తుంది. ఒకసారి కరిగిందాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు. ఏప్రిల్లో వచ్చి వెళ్లిన పిల్లలకు ఈ డబ్బాలతో పనిలేదు. ఇవి ఆలస్యంగా వచ్చేవాళ్లవి. ఎన్ని డబ్బాలో అమ్మమ్మకు లెక్క తెలుసు, ఎవరి డబ్బా ఏదో కూడా తెలుసు. ఈ ఏడు రావడం కుదరదని ఫోనొచ్చిన ఇంట్లో కూడా ఒక డబ్బా అలాగే ఉంటుంది. డిసెంబరులోనైనా వస్తారేమోనని.

జూన్ మొదటివారంలో ఆటో మళ్లీ గుమ్మం ముందు ఆగుతుంది. సంచులు లెక్కపెట్టి ఎక్కిస్తారు. ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోతుంది. అమ్మమ్మ కుక్కర్లోంచి ఇసుక తీసి, జల్లించి, పాత పాలడబ్బాలో పోసి మూత బిగిస్తుంది. అదే ఇసుక మళ్లీ పనికొస్తుంది. కుక్కరు తుడిచి అటక మీద పెట్టేముందు గాస్కెట్టు, విజిలు అందులోనే వేస్తుంది, దసరాకు వెతుక్కోకుండా.