బిడ్డ చక్కగా పాలు తాగుతుంటే, విడిగా పిండి తీయాలా?

కాన్పు వార్డులో, టీకాల రోజున తల్లులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది: "బిడ్డకు రొమ్ము ఇస్తూనే ఉన్నాం. పంపు కొని పాలు విడిగా కూడా తీయాలా?" బిడ్డ చక్కగా తాగుతూ, బరువు పెరుగుతూ, తల్లి దగ్గరే ఉంటే ఆ అవసరం లేదు. కానీ కొన్ని సందర్భాల్లో పాలు పిండడం తప్పనిసరి. ఆ తేడా తెలుసుకుందాం.

పాలు ఎలా వస్తాయి?

బిడ్డ చప్పరించినప్పుడు తల్లి శరీరంలో ప్రొలాక్టిన్ అనే హార్మోను పాలను తయారుచేయిస్తుంది. ఆక్సిటోసిన్ అనే హార్మోను ఆ పాలను బయటకు పంపుతుంది. రొమ్ము ఖాళీ అయినకొద్దీ పాలు తిరిగి ఊరుతాయి. నిండుగా ఉండిపోతే తయారీ తగ్గుతుంది. అంటే ఎన్ని పాలు కావాలో బిడ్డ ఆకలే చెబుతుంది. అవసరం లేకుండా రోజూ పిండితే పాలు మరీ ఎక్కువై, రొమ్ములు గట్టిపడి నొప్పి చేయవచ్చు.

పిండి చూసి కొలవకండి

కొందరు తల్లులు పాలు సరిపోతున్నాయో లేదో చూద్దామని పిండుతారు. రెండు చెంచాలే వస్తే బెంగపడి డబ్బాపాలు మొదలుపెడతారు. బిడ్డ రొమ్ము తాగడం తగ్గిస్తుంది, అప్పుడు పాలు నిజంగానే తగ్గుతాయి. బిడ్డ నోరు తీసినన్ని పాలు చేయి గాని, పంపు గాని తీయలేకపోవచ్చు. అసలైన గుర్తులు ఇవి:

- మొదటి వారం తరువాత బిడ్డ 24 గంటల్లో కనీసం 6 సార్లు మూత్రం పోయాలి.
- రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు చేరాలి.
- మొదటి నెలల్లో నెలకు కనీసం అర కిలో పెరగాలి.

ఎవరు పిండాలి?

1. నెలలు నిండకుండా పుట్టి, లేదా జబ్బుతో ప్రత్యేక వార్డులో ఉండి రొమ్ము పట్టలేని బిడ్డ తల్లి. కాన్పయిన మొదటి గంటల్లోనే మొదలుపెట్టి, రాత్రితో సహా రోజుకు 8 సార్లయినా పిండాలి. ముర్రుపాలు కొన్ని చుక్కలే వచ్చినా పారవేయకండి.

2. పనికి వెళ్ళే తల్లి. 2017 చట్ట సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతపు సెలవు వచ్చింది. కాని కూలి పనికి, ఇళ్ళలో పనికి వెళ్ళేవారిలో చాలామందికి ఆ సెలవు అందదు. వారి బిడ్డకు పిండి ఉంచిన పాలే ఆధారం.

3. రొమ్ములు గట్టిపడి బిడ్డ నోటికి అందనప్పుడు. మెత్తబడేంతవరకే కొద్దిగా పిండి, వెంటనే బిడ్డకు పట్టించండి.

చేతితో పిండే పద్ధతి

చేతులు సబ్బుతో కడుక్కోండి. వేడినీళ్ళలో మరిగించిన వెడల్పు గిన్నె తీసుకోండి. బొటనవేలు పైన, మిగతా వేళ్ళు కింద, చనుమొన చుట్టూ ఉన్న నల్లని భాగం అంచున పెట్టండి. ముందు ఛాతీ వైపు నొక్కి, తరువాత వేళ్ళను దగ్గరకు తెచ్చి వదలండి. చనుమొనను లాగకండి. నొప్పి కలగకూడదు. పంపు వాడితే ప్రతిసారీ దాని భాగాలను శుభ్రంగా కడగాలి. ఒకరు వాడిన చేతి పంపు మరొకరు వాడకూడదు.

ఎంతసేపు ఉంచవచ్చు?

మూతపెట్టి, 25 డిగ్రీల లోపు చల్లని గదిలో 4 గంటలు ఉంచవచ్చు. మన వేసవి వేడిలో అంతసేపు ఉంచకండి. ఫ్రిజ్‌లో లోపలి వైపు పెట్టి, 24 గంటల్లో వాడితే మంచిది. పొయ్యి మీద కాచకండి. గోరువెచ్చని నీళ్ళలో గిన్నె ఉంచితే చాలు. సీసాకు బదులు ఉగ్గుగిన్నెతో గాని, చెంచాతో గాని పట్టండి. బిడ్డ తాగగా మిగిలిన పాలు మళ్ళీ దాచకండి.

రొమ్ము ఎర్రబడి, నొప్పితో జ్వరం వస్తే పాలివ్వడం మానకుండా వెంటనే ఆసుపత్రికి రండి. పాలు చాలవేమోనని అనుమానం కలిగితే డబ్బా కొనకముందే బిడ్డను తీసుకురండి. బరువు తూచి, బిడ్డ రొమ్ము పట్టే తీరు చూసి, ఏమి చేయాలో మేము చెబుతాము.