మానిటర్‌ను బట్టే గ్రాఫిక్స్ కార్డు
గేమింగ్ కంప్యూటర్‌ను సొంతంగా బిగించుకునేందుకు జిల్లాల యువకులు సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి విడిభాగాలు తెచ్చుకుంటుంటారు. సొమ్మంతా ప్రాసెసర్‌కే వెచ్చించి గ్రాఫిక్స్ కార్డు దగ్గర రాజీపడితే ఆట నత్తనడకన సాగుతుంది. ముందుగా మానిటర్‌ను నిర్ణయించుకుని, దానికి తగిన కార్డును ఎంచుకోవడం శ్రేయస్కరం.

పిక్సెళ్ల లెక్క ఇదీ: 1920x1080 తెరపై సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు, 2560x1440 తెరపై 36.9 లక్షలు, 4కె తెరపై 82.9 లక్షలు ఉంటాయి. వీటన్నింటినీ ప్రతి ఫ్రేముకూ గ్రాఫిక్స్ కార్డే నింపాలి. అంటే 1080తో పోలిస్తే 4కెలో పని నాలుగింతలు. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 ఫ్రేములే చూపగలదు. అందువల్ల పరిమిత బడ్జెట్‌లో 4కె మోజుకన్నా 1080 రిజల్యూషన్, 144 హెర్ట్జ్ మానిటర్, మధ్యశ్రేణి కార్డు మేలు.

పొంతన కుదిరితేనే: ఏఎండీ ఏఎం4 మదర్‌బోర్డులకు డీడీఆర్4, 2022లో వచ్చిన ఏఎం5 బోర్డులకు డీడీఆర్5 ర్యామ్ వాడాలి. ఒకదాని స్లాటులో మరొకటి పట్టదు. ఎస్‌ఎంపీఎస్ విషయంలో పొదుపు తగదు. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ చెడిపోతే మదర్‌బోర్డు, కార్డు కూడా దెబ్బతినే ప్రమాదముంది. క్యాబినెట్‌లో కార్డు పొడవుకు సరిపడా చోటుందో లేదో ముందే కొలుచుకోవాలి.

బిగించాక మరువరాదు: మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే తగిలించాలి. లేకుంటే వేలు పోసి కొన్న కార్డు ఉన్నా లేనట్టే. విండోస్ డిస్‌ప్లే సెట్టింగులలో 144 హెర్ట్జ్‌ను ఎంచుకోవాలి. ఒక్కో భాగానికి వారంటీ వేర్వేరుగా ఉంటుంది కనుక బిల్లులన్నీ భద్రపరచుకోవాలి.